వాపసు అడిగిన మొక్కు

కొత్తగూడ దాటి అడవి వైపు మళ్లే దారిలో ఒక చిన్న తండా ఉంది. ముందు పత్తి చేలు, వెనక టేకు చెట్లు, నడుమ రేకుల ఇళ్లు. జాకెట్లు కుట్టే కవిత ఇల్లు ఏదంటే ఆ తండాలో ఎవరైనా చూపిస్తారు. కానీ ఆమె మొహాన్ని నిదానంగా చూసినవాళ్లు తక్కువ. కుట్టుమిషనును ఆమె గుమ్మానికి వీపు పెట్టి వేసుకుంది. వెలుతురు వచ్చేది గుమ్మంలోంచే కాబట్టి ఎవరైనా అటు తిరిగి కూర్చుంటారు. కవిత మాత్రం తన నీడ బట్ట మీద పడుతున్నా ఆ నీడలోనే సూది నడుపుకునేది. కొలతలు చెప్పేవాళ్లు వెనక నుంచి చెప్పేవాళ్లు, ఆమె తల ఊపేది.

ఇంతకీ ఆమె దాచుకునేది ఒక్క మొహాన్నే. తండాలో అందరికన్నా పసిమి ఛాయ. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, ముందు చెవులు వేడెక్కేవి. ఆ వేడి మెడ మీదికి, బుగ్గల మీదికి పాకి మొహమంతా కందిపోయేది. సిగ్గుపడాల్సిన మాట ఎవరూ అనకపోయినా అంతే.

"ఏందే కవితా, ఎవరన్న గుర్తొచ్చిండా?" అని తోటి పిల్లలు నవ్వేవారు. వాళ్లు నవ్వేకొద్దీ ఎరుపు పెరిగేది.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. ఆ మానుకోటలో డిగ్రీ చదివేటప్పుడు సంగతి ఎరుపుతో ఆగలేదు. ఒకరోజు తరగతి ముందు నిలబడి పాఠం చెప్పాల్సి వచ్చింది. నోరు తెరిచిందో లేదో గుండె దడదడలాడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకుంది. పుస్తకం అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తి వరండా మెట్ల మీద కూలబడింది. కాసేపటికి అంతా సర్దుకుంది. అలా సర్దుకోవడమే చిక్కయింది. పారిపోయాను కాబట్టే ప్రాణం నిలిచిందన్న లెక్క ఆమె మనసులో గట్టిగా కూర్చుంది. అప్పటి నుంచి పెళ్లిళ్లకు పోవడం మానేసింది. డిగ్రీ అయ్యాక టీచరు శిక్షణలో సీటు వచ్చినా చేరలేదు. తల్లి కళావతి పత్తి అమ్మిన డబ్బుతో మిషను కొనిపెట్టింది.

వాళ్లింట్లో మాట్లాడుకునేది లంబాడీ భాష. అమ్మను యాడి అంటారు, నాయనమ్మను దాదీ అంటారు. కవిత దాదీ పేరు రామి. ఒళ్లంతా అద్దాల బట్టలతో, తల మీది నుంచి జారే ఘూంగ్టో ముసుగుతో తండాలో మిగిలిన ముసలివాళ్లలో ఆమె ఒకతె.

"మా కాలంల ఘూంగ్టో ఉండె," అనేది రామి. "లోపల మొహం ఎర్రవడ్డదా, నల్లవడ్డదా, నాలుక బయటవెట్టి ఎక్కిరిస్తున్నదా, ఎవరికెరుక? మీరే ముసుగు తీసి బయటవడ్డరు. ఇప్పుడు పరేషాన్ అయితున్నరు."

ఆ మాటకు మాత్రం కవిత హాయిగా నవ్వేది. దాదీ ముందు ఆమె మొహం ఎప్పుడూ ఎర్రబడేది కాదు.

ఇదిలా ఉండగా ఆషాఢంలో సీత్లా పండుగ వచ్చింది. పిల్లలకూ పశువులకూ రోగాలు రాకుండా చూడమని తండా అంతా కలిసి మొక్కే పండుగ అది. పొలిమేరలో ఏడుగురు అమ్మవార్లకు గుర్తుగా ఏడు రాళ్లు వరసగా నిలుపుతారు. ఇంటికొక ఆడమనిషి గుగ్గిళ్ల పళ్లెం నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట నడిచి పోవాలి. ఏటా కళావతే పోయేది. ఆ ఏడు ఆమె జ్వరంతో మంచం దిగలేదు. అమ్మవారికి ఇంటి పళ్లెం అందకపోతే ఎలా అని కవిత తానే బయలుదేరింది.

సగం దారి బాగానే నడిచింది. రాళ్లు దగ్గరపడేసరికి జనం రెండు వైపులా నిలబడ్డారు. "గీ పిల్ల కళావతి బిడ్డ గదా! ఎన్నొద్దులకు బయటికొచ్చె!" అని ఎవరో గట్టిగా అన్నారు. అన్ని కళ్లూ ఆమె మీదికి తిరిగాయి. అంతే, చెవులు కాలాయి. డప్పు చప్పుడు గుండెలోకి దిగింది. చేతులు వణికి పళ్లెం జారింది, గుగ్గిళ్లు నేల పాలయ్యాయి. కవిత మోకాళ్ల మీద కూలబడి, నోరు తెరిచి ఊపిరి ఎగపోసుకుంటూ, ఎర్రటి మొహంతో అటూ ఇటూ ఊగిపోయింది.

వాల్యా భగత్ అక్కడే ఉన్నాడు. సీత్లా యాడికి పూజ చేసే పెద్దమనిషి. మంచివాడు, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పలకరించి వచ్చేవాడు. ఆయన వేపకొమ్మ పైకెత్తి అరిచాడు.

"యాడి వచ్చింది! పిల్ల మీదికి యాడి వచ్చింది!"

డప్పులు రెట్టింపయ్యాయి. ఎవరో పసుపునీళ్లు నెత్తిన పోశారు. ఆడవాళ్లు కొంగులు పరిచి మొక్కారు. వాళ్లలో గంగి అనే పొరుగింటామె కవిత రెండు పాదాలూ పట్టుకుని తల ఆనించింది. కవితకు మాట పెగల్లేదు. కొంతసేపటికి వణుకు దానంతటదే తగ్గితే, యాడి చల్లబడి వెళ్లిపోయిందని అందరూ దండం పెట్టారు.

అది కాలేజీలో వచ్చిందేనని కవితకు తెలుసు. ఇల్లు చేరగానే చెప్పేద్దామనుకుంది. కానీ కళావతి జ్వరంలోనే లేచి కూర్చుని ఏడుస్తోంది. సంతోషంతో.

"ఇన్నేండ్లు నా బిడ్డకు బుగులు, నా బిడ్డకు పిరికితనం అని అందరు నవ్విరి. ఇగో, ఇందుకే గట్లుండెనట. యాడి నిన్ను ఏరుకున్నది బిడ్డా."

ఆ కళ్ల ముందు కవిత నోరు తెరవలేకపోయింది. నిజం చెప్పాలంటే ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె మొహం కందిన తర్వాత జనం నవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి మంగళవారాల్లో ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. కవిత వెనక దొడ్లోకి పోయి కూర్చునేది. వాళ్లు మిషనుకే పసుపు రాసి మొక్కి పోయేవారు. ఆ పసుపు ఒకామె తెల్ల జాకెట్టుకు అంటుకుంటే, ఆమె గొడవ చేయకపోగా ప్రసాదమని మురిసిపోయింది.

దారం, లైనింగు గుడ్డ కోసం కవిత మానుకోటలో సునంద దుకాణానికి పోయేది. సునందది తరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. బజారులో ఆమెది మ్యాచింగ్ సెంటర్. ఈ పిల్లకు నలుగురిలో నోరు పెగలదని ఆమె ఎప్పుడో గమనించింది. గమనించినట్టు ఏనాడూ అనలేదు. రద్దీలో కవిత కనిపిస్తే, మిగతావాళ్లతో బేరం ఆడుతూనే నమూనా ముక్కల కోసం చెయ్యి చాపేది. రంగులు చూసుకుని దారాలు, గుడ్డలు సంచిలో వేసి ఇచ్చేది.

పండుగ అయిన కొన్ని వారాలకు ఒకరోజు పోతే దుకాణం కిక్కిరిసి ఉంది. తండా వైపు నుంచి వచ్చిన ఒకామె కవితను గుర్తుపట్టి "అమ్మో, సీత్లా యాడి వచ్చే పిల్ల!" అని అందరి ముందూ చేతులు జోడించింది. కవితకు కళ్లు చీకట్లు కమ్మాయి. పారిపోదామంటే జనం అడ్డు. సునంద గల్లా దగ్గర నుంచి లేచి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలి గదిలో ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. ఒడిలో దారపు ఉండలు గుమ్మరించింది.

"ఎరుపులన్ని ఒకదిక్కు, పచ్చలన్ని ఒకదిక్కు ఏరు బిడ్డా. ఊపిరి లోపలికి గుంజకు, జర మెల్లగ బయటికి ఇడువు. నాకేం తొందర లేదు."

కవిత ఏరింది. వణుకుతూనే ఏరింది. ఎరుపులు ఒకవైపు చేరేసరికి గుండె నెమ్మదించింది. సునంద గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

"మా తమ్ముడు ప్రవీణ్‌కు గిట్లనే వస్తుండె. గిరాకి ముంగట కూసున్నోడు కూసున్నట్టే లేచి ఉరికేటోడు. మేమేమో గుండెజబ్బు అనుకొని తిరగని దవాఖాన లేదు. ఆఖరికి మనసు డాక్టరు జూసి బాగుచేసిండు. ఇప్పుడు వాడే గిరాకిని పట్టుకొని ఇడువడు. నువ్వు సుత పోవే. నేను తోడొస్త."

దుకాణం పక్కామెకు అప్పగించి సునంద ఆ మధ్యాహ్నమే కవితను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ మనసు జబ్బులు చూసే లేడీ డాక్టరు కవిత చెప్పిందంతా విన్నది. మధ్యలో ఆపలేదు.

"గుండెకు ఏం కాలేదమ్మా," అన్నది చివరికి. "పాము కనపడితే ఒళ్లు ఎట్లా అదిరిపడుతుందో, నీకు మనుషులు చూస్తే అట్లా అదురుతోంది. ప్రమాదం లేదు, కానీ ఒళ్లు ఉందనుకుంటోంది. నువ్వు పారిపోయిన ప్రతిసారీ, నిజంగానే పాము ఉందని దానికి చెప్పినట్టు అవుతుంది. ఈసారి వచ్చినప్పుడు నిలబడి చూడు. పెరుగుతుంది, పెరిగినట్టే తగ్గుతుంది. మొహం ఎర్రబడితే పడనీ, దాచకు."

కవిత తటపటాయిస్తూ అడిగింది. "మా తండాల సీత్లా యాడి వచ్చిందంటున్నరు, మేడం. యాడి కాదా?"

డాక్టరు నవ్వలేదు. "అమ్మవారి సంగతి నేను చెప్పేంతదాన్ని కాదు. దీని సంగతి మాత్రం నాకు తెలుసు. రోజూ చూస్తున్నాను."

మందు రాసిచ్చి, వారం వారం వచ్చి మాట్లాడి పొమ్మన్నది. చిన్న చిన్న పనులు కూడా చెప్పింది. రోజూ ఒకరిని పలకరించాలి. దుకాణంలో నోరు తెరిచి ధర అడగాలి. చున్నీ మొహానికి అడ్డం వేసుకోకూడదు. కవిత మొదలుపెట్టింది. మొదటిసారి ధర అడిగినప్పుడు గొంతు కీచుమన్నది. సునంద ఆ ధరను, పిల్ల అడగడమే గొప్ప అన్న సంతోషం ఎక్కడా కనపడనీయకుండా, మామూలుగా చెప్పింది.

ఇట్లా కొంచెం కొంచెం కాళ్లు నిలదొక్కుకుంటుండగా ఒక ఉదయం గంగి వచ్చింది. దొడ్లోకి పోయే వ్యవధి లేక కవిత మిషను దగ్గరే దొరికిపోయింది.

గంగికి దగ్గు పట్టుకుని చాలాకాలమైంది. ఎండాకాలంలో పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆశ వర్కరు సారమ్మ ఇంటికి తెచ్చి ఇచ్చే గోలీలు మింగుతోంది. అవి పడక కడుపులో తిప్పుతోందనీ, మూత్రం ఎర్రగా పోతోందనీ గొణుగుతూ ఉండేది. ఆరోజు మాత్రం మొహం వెలిగిపోతోంది.

"గోలీలు బంద్ వెట్టిన బిడ్డా. యాడి కాళ్లు మొక్కినంక ఇంక గోలీలెందుకు? దగ్గు సగం తగ్గింది. సారమ్మ వస్తే తలుపేసుకున్న."

కవిత చేతిలో బట్ట జారిపోయింది. "గంగి యాడి, నా మాట ఇను. ఆనాడు నా మీదికి ఎవరు రాలే. అది భయం. నాకు కాలేజీలనే ఉండె. దగ్గు తగ్గింది ఆ గోలీలతోని. నడుమ బంద్ వెడితే పాణం మీదికొస్తది."

గంగి బుగ్గలు నొక్కుకుంది. "వచ్చినోళ్లకు వచ్చినట్టు ఎరుకుంటదా పిచ్చిపిల్లా? వాల్యా భగత్ వాళ్ల అయ్య మీదికి వచ్చినప్పుడు ఆయన సుత లేచి, నాకేమైందిరా అనే అడుగుతుండె."

ఎంత చెప్పినా ఆమె వినలేదు. పోతూ పోతూ దగ్గింది. ఆ దగ్గు గడప దాటి, వాకిలి దాటి, వాళ్లింటి దాకా వినిపించింది.

కవిత దాదీ దగ్గరికి పోయి అంతా చెప్పింది. రామి విని, తలమీది ముసుగు వెనక్కి తోసుకుంది.

"నాకు ఆనాడే తెలుసు. యాడి మీదికి వస్తే మనిషికి భయం పోతది. నీకు భయమే వచ్చింది."

"మరి ఎందుకు చెప్పలే దాదీ?"

"మీ యాడి మొహం జూసి. నువ్వెందుకు చెప్పలే?"

ఇద్దరిదీ ఒకే కారణం.

"ఇప్పుడు ఇంట్ల చెప్తే ఎవరు ఇనరు," అన్నది రామి. "ఏడు రాళ్ల ముంగట చెప్పాలె. ఆడ ఎవరు అబద్ధమాడరు, ఆడ చెప్పిన మాటను ఎవరు కాదనరు. వచ్చే మంగళారం వాల్యా నువ్వు యాడి మనిషివని నీకు కంకణం కట్టి గద్దె మీద కూసోవెడ్త అంటున్నడు. తండా అంత వస్తది. ఆడనే చెప్పు."

తండా అంతా. ఆమె చేయలేని పని లోకంలో ఏదైనా ఉందంటే అదే. కానీ గంగి దగ్గు చెవుల్లోంచి పోలేదు.

మంగళవారం రానే వచ్చింది. రాళ్లకు పసుపు, కుంకుమ. ముందు చిన్న మట్టి గద్దె. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. కవిత చున్నీని మెడ వెనక ముడివేసుకుని, మొహం తెరిచి నడిచింది. మధ్యకు వచ్చేసరికి చెవులు భగ్గుమన్నాయి. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి ఆడలేదు. ఆమె వణకడం చూసి గంగి కేక పెట్టింది.

"వస్తున్నది! యాడి వస్తున్నది!"

డప్పులు మోగాయి. పసుపునీళ్ల చెంబు లేచింది. ఆమె భయపడేకొద్దీ వాళ్ల నమ్మకం పెరుగుతోంది, నమ్మకం పెరిగేకొద్దీ ఆమె భయం పెరుగుతోంది. వెనక్కి తిరిగితే దారి ఖాళీగానే ఉంది, ఇల్లు కనిపిస్తూనే ఉంది. కవిత పోలేదు. నేల మీద కూర్చుని, మొదటి రాయి మీద రెండు చేతులూ ఆనించింది. "యాడీ, నువ్వే నిలవెట్టు" అనుకుంది. ఊపిరి మెల్లగా బయటికి వదిలింది. ఇంకోసారి వదిలింది. భయం పెరిగి పెరిగి, నెత్తి మీదికి వచ్చి, ఇక పెరగడానికి చోటులేనట్టు ఆగింది.

"డప్పులు ఆపుండ్రి," అన్నది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నది. రామి కర్ర ఎత్తి డప్పుల వాళ్లను గదమాయించింది. చప్పుడు ఆగింది.

"ఇది యాడి కాదు. నేను. కవితను." గొంతు వణికింది, మాట మాత్రం వచ్చింది. "నాకు నలుగురు జూస్తే గిట్ల అయితది. ఇది ఒక తీరు బుగులు. డాక్టరు దగ్గరికి పోతున్న. ఇప్పుడు సుత అదే వచ్చింది, మీరందరు జూస్తనే ఉన్నరు. కాలేజీల వచ్చింది. మొన్న మానుకోటల సునందక్క మ్యాచింగ్ సెంటర్‌ల వచ్చింది. యాడి మ్యాచింగ్ సెంటర్‌కు ఎందుకొస్తది?"

మగవాళ్ల వైపు నుంచి హరిలాల్ అనే పెద్దమనిషి నెమ్మదిగా అన్నాడు. "ఏడుగురికి ఏడు జాకెట్లు కావాలె గదా. లైనింగు కొననీకి వచ్చి ఉంటది."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కవిత మొహం ఇంకా కందింది. చిత్రంగా ఆమెకు కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే గంగి వైపు తిరిగింది.

"గంగి యాడి, రాళ్ల మీద చెయ్యేసి చెప్తున్న. నీ దగ్గు తగ్గించింది గోలీలు. మళ్ల మింగు."

గంగి మొహం మాడిపోయింది. అందరిలో చిన్నబోయినట్టయింది. నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"అయితే నేను మొక్కింది ఎవరి కాళ్లు? నిన్నగాక మొన్న పుట్టిన నీ కాళ్లా? పెద్దదాన్ని, నెత్తి ఆనించి మొక్కితి! నా మొక్కు నాకు వాపస్ ఇయ్యి!"

కవిత లేచింది. జనం మధ్యలోంచి నడిచిపోయి, వంగి, గంగి రెండు పాదాలూ పట్టుకుని నుదురు ఆనించింది. గంగి కాసేపు బిగుసుకుని నిలబడింది. తర్వాత కవిత తల మీద చెయ్యి పెట్టింది, ఆశీర్వాదమో ఆసరానో తెలియకుండా.

వాల్యా భగత్ కంకణం చేతిలో పట్టుకుని అట్లాగే ఉన్నాడు. ఆయన మొహమూ కొంచెం ఎర్రబడింది. "తొందరవడ్డది నేను బిడ్డా," అన్నాడు. "పండుగ నాడు నిన్ను నీడకు కూసోవెట్టి నీళ్లియ్యాల్సింది." కంకణం రాయికి కట్టి, గోలీలు మింగమని యాడి పేరు మీద గంగికి తానే చెప్పాడు.

ఆ సాయంత్రం కళావతి కూతురితో మాట్లాడలేదు. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తూ ఉంది. కవిత ఆమె పక్కన కూర్చుంది. పిండి ముద్దలు చేసి అందించింది. రొట్టె వేసి, తిప్పి, తీసి, కళావతి చివరికి అన్నది. "అంతమందిల అంతసేపు మాట్లాడినవు. నేను సుత మాట్లాడలేనే గట్ల." ఆ రొట్టెను కూతురి పళ్లెంలో వేసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు సారమ్మ గంగిని ఆసుపత్రికి తీసుకుపోయింది. కొన్నాళ్లు తప్పినందుకు అక్కడ చీవాట్లు పెట్టి, మళ్లీ పరీక్ష చేసి, మందు మొదలుపెట్టించారు. మూత్రం ఎర్రగా పోవడం మందు రంగే, రక్తం కాదని చెప్పారు.

కవిత భయం ఒక్కరోజులో పోలేదు. మళ్లీ వచ్చింది, ఇంకా వస్తుంది. వచ్చినప్పుడు తండాలో ఇప్పుడు ఎవరూ డప్పు కొట్టరు. ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు, ఒకరు నీళ్లు తెస్తారు.

గంగి మాత్రం అలకను పూర్తిగా వదల్లేదు. రోజూ పొద్దున గోలీలు కొంగున ముడివేసుకుని వచ్చి, కవిత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. మిషను ఆపమంటుంది.

"నా మొహం జూడు. నేను నీ మొహం జూస్త. నువ్వు ఎర్రవడ్డంకనే మింగుత."

"గిదేం పంచాయతి, గంగి యాడి!"

"నాకు గోలీ చేదు. నాకొక్కదానికే కష్టమెందుకు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. చెవుల దగ్గర వేడి మొదలై బుగ్గలకు పాకుతుంది. కవిత తల దించుకోదు. "ఆఁ, వచ్చింది, వచ్చింది," అని గంగి తృప్తిగా తల ఊపి, గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగుతుంది.

ఒక్కో పొద్దున ఆ ఎరుపు రావడానికి చాలాసేపు పడుతుంది. అప్పుడు గంగి విసుక్కుంటుంది. "జల్ది కానియ్యే, నాకు పత్తి చేన్ల పనున్నది."